అంబాసిడర్ లోపలి హ్యాండిళ్లు, పట్టీలు: గుంతలు పడ్డ మజాక్‌కు మళ్లీ క్రోమ్ (ప్రాజెక్టు డైరీ)

బండి: అంబాసిడర్ మార్క్ 2. మజాక్ అంటే జింకు మిశ్రమాన్ని అచ్చులో పోసి చేసే పోత. పని జరిగేది వరంగల్‌లో, ప్లేటింగ్ మాత్రం హైదరాబాద్ బాలానగర్‌లో. వరంగల్ ఆటోనగర్ చుట్టుపక్కల క్రోమ్ అని అడిగితే చూపించేది ఎక్కువగా హార్డ్ క్రోమ్. ట్రాక్టర్, జేసీబీ హైడ్రాలిక్ రాడ్లకు ఇనుము మీద నేరుగా మందంగా వేసే పూత అది. మనకు కావాల్సింది రాగి, నికెల్ మీద పల్చగా వేసే డెకరేటివ్ క్రోమ్. రెండూ వేరు పనులు, తొట్లు కూడా వేరు.

జూన్ 1

డోర్ల నుంచి సామాను ఊడదీశాం. అద్దం దించే హ్యాండిళ్లు 4, డోరు తెరిచే లోపలి హ్యాండిళ్లు 4, వాటి వెనక గుండ్రటి బిళ్లలు 8, యాష్‌ట్రే మూత 1, డోరు కింద గడప మీది పట్టీలు 4. మొత్తం 21.

ఈ బండిలో హ్యాండిల్ వెనక బిళ్లను డోరు వైపు గట్టిగా నొక్కితే మెడలో అడ్డంగా చిన్న పిన్ను కనబడుతుంది. బిళ్ల వెనక స్ప్రింగు ఉంటుంది కాబట్టి ఒకరు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు పిన్ను కొట్టాలి. సన్నటి పంచ్‌తో రెండు దెబ్బలు చాలు. రాకపోతే ఇంకా గట్టిగా కొట్టొద్దు. డబ్ల్యూడీ-40 పోసి ఒక రాత్రి వదిలేయాలి. మజాక్ మెడ పెళుసు, పిన్ను రంధ్రం దగ్గరే చీలుతుంది. కొన్ని బండ్లలో పిన్ను బదులు గుర్రపు లాడం ఆకారంలో క్లిప్పు ఉంటుంది, కొన్నిట్లో మధ్యలో స్క్రూ. ముందు టార్చి వేసి చూసి చెయ్యి పెట్టాలి.

ప్రతి ముక్కకూ 1 మి.మీ. రాగి తీగతో చిన్న స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు ముక్క కట్టి నంబరు గుద్దాం. కాగితం చీటీలు ఆసిడ్‌లో ఆగవు. తూకం, ఫొటో, లెక్క రాసిన కాగితం రెండు కాపీలు. ప్లేటింగ్ షాపులో తొట్టి అడుక్కు జారిన చిన్న బిళ్లను ఎవరూ వెతకరు, అప్పగింత లెక్క మీదే జరగాలి.

జూన్ 2

ఏది ఏ లోహమో తేలకుండా ఏ ఆసిడ్ దగ్గరికీ పోవద్దు. పైన క్రోమ్ ఉంటే అన్నీ ఒకేలా కనబడతాయి.

అయస్కాంతం అంటుకున్నది యాష్‌ట్రే మూత ఒక్కటే. అది ఇనుప రేకు. మిగిలినవాటి వెనక వైపు కనబడని చోట ఆకురాయితో ఒక గీత గీశాం. బిళ్లల్లో పసుపు కనబడింది, ఇత్తడి. గడప పట్టీలు తెల్లగా, తేలికగా ఉన్నాయి, అల్యూమినియం. హ్యాండిళ్లలో నీలం కలిసిన బూడిద రంగు.

హ్యాండిళ్ల మీద ఇంకా అనుమానం ఉంటే నీళ్ల పరీక్ష చేయొచ్చు. ప్లాస్టిక్ గుండీ తీసేసిన అద్దం హ్యాండిల్ 106 గ్రాములు తూగింది. మెడికల్ షాపులో దొరికే కొలజాడీలో ముంచితే నీళ్లు 16 మి.లీ. పైకి వచ్చాయి. 106ను 16తో భాగిస్తే 6.6. అల్యూమినియం అయితే 2.7, ఇత్తడి అయితే 8.5 దగ్గర రావాలి. 6.6 అంటే జింకు పోత, అదే మజాక్: జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం. పేరుకు మజాకే గానీ ఈ ప్రాజెక్టులో చెమటలు పట్టించేది ఇదే.

జూన్ 4

గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టాం. స్టీల్ పీచు వాడలేదు. అది మంచి క్రోమ్‌ను కూడా గీస్తుంది.

గుంతలు ఎక్కడున్నాయో చూస్తే కారణం అర్థమవుతుంది. హ్యాండిల్ పైభాగం దాదాపు బాగుంది. వేళ్లు చుట్టుకునే అడుగు భాగంలో పొక్కులు దట్టంగా ఉన్నాయి. చేతి చెమటలోని ఉప్పు అక్కడ చేరుతుంది, గుడ్డతో తుడిచేవాడి చెయ్యి అక్కడిదాకా పోదు. క్రోమ్‌లో కంటికి కనబడని పగుళ్లు ఎప్పుడూ ఉంటాయి. కింది నికెల్, రాగి పొరల్లో ఒక్క సన్న రంధ్రం ఉన్నా తేమ జింకు దాకా దిగుతుంది. అక్కడ రాగి, నికెల్, జింకు, ఉప్పునీరు కలిసి చిన్న బ్యాటరీ తయారవుతుంది, అందులో కరిగేది జింకే. పైన పూత విస్తీర్ణం ఎక్కువ, కింద బయటపడ్డ జింకు సూదిమొనంత. అందుకే తినివేత పైపైన పాకకుండా లోపలికి దిగుతుంది. తెల్ల పొడి ఉబ్బి పూతను పైకి లేపితే అదే పొక్కు.

కుట్టుసూదితో ఒక్కో పొక్కును గుచ్చి చూశాం. పైన ఆవగింజంత ఉన్నది లోపల పెసరగింజంత తేలింది. అడుగు వెడల్పు, నోరు ఇరుకు, అచ్చం కుండలాగా. 3వ నంబరు హ్యాండిల్‌లో ఒక్కదాంట్లోనే 41 గుంతలు, వాటిలో 9 లోతు అర మిల్లీమీటరు దాటాయి.

“రాపిడి కాగితంతో రుద్దుకుంటూ పోతే గుంత పోతుంది కదా” అనేది చాలామంది మాట. ఇనుము మీద నడుస్తుంది, ఇత్తడి మీద నడుస్తుంది. మజాక్ మీద నడవదు. అచ్చులో పోసినప్పుడు పైన సుమారు అర మిల్లీమీటరు చర్మం మాత్రమే గట్టిగా, గుల్ల లేకుండా గడ్డకడుతుంది. దాని కింద గాలి బుడగలు ఉంటాయి. గుంత అడుగు దాకా రుద్దితే ఆ చర్మం పోయి కొత్త రంధ్రాలు వందల్లో బయటపడతాయి. మజాక్‌లో గుంత దాకా మనం దిగకూడదు, గుంతనే పైకి తేవాలి. ఇక్కడి నుంచి చేసే ప్రతి పనీ దాని కోసమే.

6వ నంబరు హ్యాండిల్ మెడ చుట్టూ సన్నటి పగుళ్లు వలలాగా ఉన్నాయి, కొలతలో కూడా మిగిలినవాటికంటే ఉబ్బింది. పోతలో సీసం, తగరం లాంటి మలినాలు కలిస్తే జింకు లోలోపలే గింజల మధ్య కుళ్లుతుంది. అది ఏ పూతకూ ఆగదు. పక్కన పెట్టేశాం, వేరేది వెతకాలి. మిగిలింది 7.

జూన్ 9

పాత పూత ఊడదీయడానికి బాలానగర్. మొదట అడిగిన షాపులో జవాబు ఇది: “ఆసిడ్‌ల ముంచితే ఐదు నిమిషాలల్ల ఊడుతది అన్నా.” అది ఇనుము బంపర్లకు చెప్పే మాట. “ఇది ఇనుము కాదన్నా, మజాక్” అని చెప్పేలోపే 8వ నంబరు హైడ్రోక్లోరిక్ తొట్టిలో పడింది. క్రోమ్ పోయింది గానీ ఆసిడ్ గుంతల్లోంచి జింకును తిని, తీసేసరికి అంచులు జల్లెడ అయ్యాయి. తప్పు మనది కూడా. లోహం పేరు చీటీ మీద రాసి, సామాను చేతికిచ్చే ముందే మాట్లాడాల్సింది.

రెండో షాపులో సరిగ్గా చేశారు. క్రోమ్‌ను కాస్టిక్ సోడా ద్రావణంలో ఉల్టా కరెంటుతో, అంటే సామానుకు ప్లస్ ఇచ్చి దింపారు. తర్వాత నికెల్, రాగిని చిక్కటి సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో అలాగే ఉల్టా కరెంటుతో. ఈ ఆసిడ్ చిక్కగా ఉన్నంతసేపే జింకును వదిలేస్తుంది. నీళ్లు కలిస్తే తినడం మొదలుపెడుతుంది. తడి హ్యాండిల్ అందులో పెట్టొద్దు. వానాకాలంలో మూత తీసి ఉంచిన తొట్టి గాలిలోని తేమ తాగి పల్చబడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఊడదీసినవెంటనే కడిగి, వేడి గాలితో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో జిప్ కవర్లలో మూశాం. బోడి జింకు గాలి తగిలితే ఒక్క రోజులో మసకబారుతుంది.

జూన్ 12 నుంచి 15 దాకా

ఈ నాలుగు రోజులు గుంతలు తెరవడమే. అన్నిటికంటే ఎక్కువ టైము పట్టింది దీనికే, పట్టాలి కూడా.

రోటరీ టూల్, 1 మి.మీ., 1.6 మి.మీ. గుండ్రటి కార్బైడ్ బర్‌లు (తవ్వే మొనలు), వేగం నిమిషానికి 10 నుంచి 15 వేల చుట్లు. జింకు మెత్తన, బర్ పళ్లలో ఇరుక్కుని పది సెకన్లలో మొద్దుబారుతుంది. ముందు కొవ్వొత్తి మీద తాకించి పెడితే అంటుకోదు. గుంత అడుగున నల్లటి, తెల్లటి మచ్చ ఒక్కటి మిగిలినా అక్కడి నుంచే మళ్లీ పొక్కు వస్తుంది. భూతద్దంలో అడుగు తళతళ కనబడేదాకా తవ్వాలి.

తవ్వడం కంటే ఆకారం ముఖ్యం. కుండలాంటి గుంతను సాసరులాగా విప్పాలి. లోతు అర మిల్లీమీటరు అయితే నోరు కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు, అంటే మూడింతలు. ఇరుకు గుంత అడుక్కు కరెంటు సరిగ్గా చేరదు. పక్క అంచుల మీద రాగి పెరిగి నోరు మూసుకుంటుంది, లోపల ద్రావణం బందీ అవుతుంది. ఆరు నెలల తర్వాత అదే కారి పూతను లేపుతుంది. ఒక గుంతను వదిలేసి, ఒకదాన్ని విప్పి, పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది: సూది ఒకదాంట్లో తట్టుకుంటుంది, ఇంకోదాంట్లో జారుతుంది.

ఒక్కో హ్యాండిల్‌కు సగటున రెండున్నర గంటలు. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

జూన్ 18

మళ్లీ బాలానగర్, మొదటి రాగి పొర కోసం. ఇది సైనైడ్ రాగి, అంటే సైనైడ్ ద్రావణంలోంచి ఎక్కించే రాగి. సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఉండే మెరుపు రాగి తొట్టిలో జింకును నేరుగా ముంచితే ఆసిడ్ జింకును తింటుంది, రాగి కరెంటు లేకుండానే వదులుగా అంటుకుంటుంది. తర్వాత పొరపొరగా లేస్తుంది. అందుకే ముందు సైనైడ్ రాగి 8 మైక్రాన్ల దాకా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇది ఇంట్లో చేసే పని కాదు. యూట్యూబ్ ఎన్ని చూపించినా సరే, సైనైడ్, క్రోమిక్ ఆసిడ్ రెండూ లైసెన్సు ఉన్న షాపుకే వదలాలి.

రాగి రంగు హ్యాండిళ్లు ఇంటికి వచ్చాక గుంతల్లో టంకం. 60/40 తగరం సీసం తీగ, లోపల రాజనం (రోజిన్) లేనిది. రాజనం గుంతలో అతుక్కుంటే కడిగినా పోదు. జింక్ క్లోరైడ్ ఫ్లక్స్ (టంకం అంటుకునేలా చేసే ద్రావణం) బొట్టు పెట్టి, హ్యాండిల్‌ను హాట్ ఎయిర్‌తో 100 నుంచి 120 డిగ్రీలకు వేడి చేసి, 270 డిగ్రీల మొనతో పని. ఈ టంకం 190 లోపే పూర్తిగా కరుగుతుంది. మజాక్ 380 దాటాక కరుగుతుంది కాబట్టి జాగా ఉంది. కానీ మొన ఒక గుంత మీద మూడు సెకన్లు దాటకూడదు. తగరం ఆ 8 మైక్రాన్ల రాగిని కరిగించి తాగేస్తుంది, కింద జింకు టంకంలో కలిసి ఇసుకలాగా గరుకు తేలుతుంది. 2వ నంబరులో రెండు చోట్ల అలా అయింది. గీకి, మళ్లీ రాగి వేయించడమే దారి.

ఎం-సీల్ పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. అది ఎపాక్సీ, కరెంటు పారదు. అక్కడ రాగి ఎక్కదు, చుట్టూ అంచు కట్టి గుండ్రటి మరక మిగులుతుంది. రంగు వేసే ముక్కకైతే సరే.

టంకం కొంచెం ఉబ్బుగా పెట్టి, వేడి నీళ్లతో మూడుసార్లు కడిగి, చదును చేశాం. టంకం జింకుకంటే చాలా మెత్తన. వేలితో కాగితం పట్టి రుద్దితే టంకం ముందు అరిగి మళ్లీ పల్లం తయారవుతుంది. పాత స్టీల్ స్కేలు ముక్కకు 320 నంబరు రాపిడి కాగితం చుట్టి, ఒకే దిశలో. వంపు దగ్గర సన్న ఆకురాయి. ఆ తర్వాత 400, 600. చర్మం సంగతి మరవకుండా టంకం చుట్టూనే, మిగిలిన ఒంటి మీద రెండు తుడుపులు మాత్రమే.

జూన్ 24

టంకం మీద మళ్లీ సైనైడ్ రాగి, ఆ పైన మందపు ఆసిడ్ రాగి. టంకాన్ని నేరుగా ఆసిడ్ రాగిలో ముంచితే సీసం మీద సల్ఫేట్ పొర కట్టి అతుకు బలహీనమవుతుంది.

షాపువాళ్లకు ఎంత కరెంటు చెప్పాలో లెక్క కట్టుకుని పోయాం. హ్యాండిల్‌కు వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఒక్క పొర చుట్టి, విప్పి, గళ్ల కాగితం మీద పరిచి కొలిస్తే అద్దం హ్యాండిల్ ఒకటి 60 చదరపు సెం.మీ., డోరు హ్యాండిల్ 40. పనికొచ్చేవి అద్దంవి 4, డోరువి 2 (6 పగిలింది, 8 జల్లెడ). మొత్తం 320 చదరపు సెం.మీ., అంటే 3.2 చదరపు డెసీమీటర్లు. చదరపు డెసీమీటరుకు 3 ఆంపియర్ల చొప్పున 9.6 ఆంపియర్లు. ఈ లెక్కన గంటకు సుమారు 40 మైక్రాన్ల రాగి ఎక్కుతుంది. గంటన్నరకు 60. అందులో రుద్దడానికి 20 పోతుంది.

వేలాడదీసే తీగ పిన్ను రంధ్రంలోంచే కట్టించాం, తీగ మచ్చ బయటికి కనబడదు. డోరు కడ్డీ దూరే చదరపు రంధ్రంలో రబ్బరు బిరడా. అక్కడ పూత పెరిగితే రంధ్రం బిగుసుకుపోయి, బిగించేటప్పుడు సుత్తి దెబ్బకు మెడ చీలుతుంది.

ఇంటికి తెచ్చి 400, 600, 800 తడి రాపిడి. ఒక్కో దశలో నల్ల మార్కర్‌తో ఒళ్లంతా పల్చగా పూసి రుద్దితే పల్లాల్లో నలుపు మిగులుతుంది, దాచుకోలేవు. మూడు ముక్కల్లో చిన్న పల్లాలు తేలాయి. వాటికి ఇంకో 45 నిమిషాల రాగి.

నికెల్‌కు పంపే ముందు ఓవెన్ పరీక్ష: 120 డిగ్రీల్లో అరగంట. అతుకు బాగాలేని చోట, ద్రావణం బందీ అయిన చోట ఇక్కడే పొక్కు లేస్తుంది. క్రోమ్ అయ్యాక లేస్తే మొత్తం మళ్లీ మొదటికి. 1వ నంబరు అడుగున మిరియం గింజంత పొక్కు లేచింది. విప్పి చూస్తే సరిగ్గా తెరవని గుంత. జూన్ 14 సాయంత్రం తొందరలో చేసిన ముక్క అది అని నంబరు చెబుతోంది.

జూన్ 29

అల్యూమినియం గడప పట్టీలు. ఇవి మజాక్‌లాగా సతాయించవు. పాత ఆనోడైజింగ్ (అల్యూమినియం మీద కరెంటుతో కట్టించే ఆక్సైడ్ పొర) తీయడానికి లీటరు నీళ్లలో 50 గ్రాముల కాస్టిక్ సోడా. నీళ్లలో కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. ప్లాస్టిక్ టబ్బు, ఆరుబయట, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు. పుస్తకాల్లో ఐదు నిమిషాలని ఉంటుంది గానీ ఎండకు ట్యాంకు నీళ్లే కాగి వస్తున్నాయి, రెండు నిమిషాలకే బుడగలు ఎగిశాయి. అప్పుడే తీయాలి. పైన పట్టిన నల్ల మసిని నల్లా కింద స్కాచ్‌బ్రైట్‌తో తోమితే పోయింది.

పల్లాలు తేలికపాటివి. 320, 400 కాగితంతో చెక్క దిమ్మ మీద పొడుగునా రుద్ది, చివర బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో ఒకే దిశలో గీతల నునుపు ఇచ్చాం. అద్దంలా మెరిపిస్తే చెప్పులు తొక్కే చోట వారంలో గీతలు పడతాయి, ఈ గీతల నునుపు దాచుతుంది. పైన 2కే క్లియర్ (హార్డెనర్ కలిపి కొట్టే రంగులేని పూత) రెండు పల్చటి కోట్లు.

ఇత్తడి బిళ్లలకు గుంతలు లేవు, సొట్టలే. పెంబర్తి ఇత్తడి పనివాళ్లు రేకును వెనక నుంచి కొట్టి పైకి తెచ్చే పద్ధతే ఇక్కడా: వెనక మెత్తటి ఆధారం, నున్నటి మొన పంచ్, చిన్న చిన్న దెబ్బలు.

జూలై 6

యాష్‌ట్రే మూత ఇనుప రేకు, దీనికి క్రోమ్ వేయలేదు, వెండి రంగు. తుప్పు గుంతలు నలుపు పోయేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్, పుట్టీ, 600 రాపిడి, రంగు. ఇదే పని మజాక్ ముక్కకు చేయాలనుకుంటే మాత్రం మామూలు ఆయిల్ ప్రైమర్ వద్దు. జింకుతో కలిసి సబ్బులాగా మారి పొరగా ఊడొస్తుంది. అక్కడ ఎపాక్సీ ప్రైమరే.

మొదటి క్లియర్ కోటు వాన ముసురులో కొట్టి పాలు పోసినట్టు తెల్లబడింది. థిన్నర్ ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమను లాగుతుంది. గాలిలో తేమ 80 శాతం దాటితే స్ప్రే గన్ ముట్టొద్దు. మర్నాడు ఎండ వచ్చాక మధ్యాహ్నం మళ్లీ కొట్టాం, సరిపోయింది.

జూలై 14

రాగి మీద చివరి బఫ్. అర హెచ్‌పీ మోటారు, 2800 చుట్లు, 6 అంగుళాల గుడ్డ చక్రం, గోధుమ రంగు బఫింగ్ సబ్బు. హ్యాండిల్‌ను చక్రం మధ్య గీతకు కింద పట్టాలి, అంచు ఎప్పుడూ చక్రం పోయే దిశలోనే ఉండాలి. ఎదురు పెడితే లాక్కుని నేలకు కొడుతుంది. చేతికి గుడ్డ గ్లవ్స్ వద్దు, చక్రం గ్లవ్‌తోపాటు వేలినీ లాగుతుంది. అంచుల దగ్గర ఒత్తిడి తగ్గించాలి, రాగి పోయి టంకం బూడిద రంగు కనబడిందంటే ఆ ముక్క మళ్లీ తొట్టికే.

బఫ్ అయ్యాక ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూశాం. లైటు గీత హ్యాండిల్ మీద వంకరపోకుండా సాగాలి. రాగి మీద కనబడిన అల నికెల్ మీద రెట్టింపు కనబడుతుంది. ఆమోదించి నికెల్ 15 మైక్రాన్లు, ఆపైన క్రోమ్ పావు మైక్రాన్. అదే ఇత్తడి బిళ్లలకు కూడా.

జూలై 20

బిగింపు. పిన్నులు పాతవే, తుప్పు తీసి గ్రీజు రాసి. రెండు హ్యాండిళ్లు చదరపు రంధ్రంలో బిగుసుకున్నాయి. బిరడా పక్కల నుంచి కొంచెం రాగి పోయింది. సన్న ఆకురాయితో లోపల నాలుగు గోడలూ సమంగా గీకాం, సుత్తి ముట్టలేదు. బిళ్ల వెనక పల్చటి ప్లాస్టిక్ వాషర్ వేస్తే కొత్త క్రోమ్ మీద రెగ్జిన్ రాపిడి పడదు. తుడవడానికి తడి గుడ్డ, నెలకోసారి మైనం పాలిష్ చాలు. ఇత్తడి పాలిష్ క్రోమ్ మీద వాడొద్దు, పావు మైక్రాన్ ఎన్ని తుడుపులకు ఆగుతుంది!

1వ నంబరు రెండోసారి టంకం పెట్టి రాగి దశలో ఉంది. 6, 8 స్థానాల్లోకి పాత సామాన్ల దగ్గర రెండు హ్యాండిళ్లు దొరికాయి, అడుగు భాగంలో పొక్కులు తక్కువే గానీ ఒకదాని మెడ కొలత 0.4 మి.మీ. ఎక్కువ వస్తోంది. పగుళ్లు ఉన్నాయేమో భూతద్దంలో చూశాకే బర్ పట్టాలి.